గోడ మీద కింది అంకె

ముప్ఫై మూడేళ్ళు ఆరోగ్య శాఖలో పనిచేశాను. అన్నేళ్ళలో ఒకే ఒక్క రోజు, ఊరు ఊరంతా కలిసి నన్ను కొట్టడానికి సిద్ధపడింది. ఆ రోజు తప్పంతా నాదే కాబట్టి ఆ సంగతే చెబుతాను. ఇప్పుడు ఫోను చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జనం రోగాల లెక్క అందులో ఎక్కించే పిల్లలకి ఇది పనికొస్తుందని నా ఆశ. పనికిరాకపోతే నవ్వుకోండి, దానికి మాత్రం ఢోకా లేదు.

డెబ్భైల మధ్యలో నేను తిరువూరులో మలేరియా వర్కరుని. పెళ్ళి కాలేదు, సైకిలు ఉంది, జీతం వస్తోంది. అంతకంటే గొప్ప జీవితం ఉంటుందని నాకు తెలియదు. సైకిలు మీద ఊళ్ళు తిరగాలి, జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీయాలి, బిళ్ళలు ఇవ్వాలి. చివరగా గుమ్మం పక్క గోడ మీద ఎర్ర జేగురుతో తేదీ వేసి, కింద ఒక గీత గీసి, గీత పైన ఇంట్లో ఉన్నవాళ్ళ సంఖ్య, గీత కింద జ్వరం ఉన్నవాళ్ళ సంఖ్య రాయాలి. మేము నిజంగా ఆ ఇంటికి వెళ్ళామా, ఏ మామిడితోటలోనో పడుకుని లెక్కలు రాసుకొచ్చామా అన్నది పై అధికారికి తెలియడం కోసం ఈ ఏర్పాటు. మా మీద వాళ్ళకి అంత నమ్మకం. ఏళ్ళ తరబడి చూసీ చూసీ ఊళ్ళలో అక్షరం ముక్క రాని ముసలమ్మలకి కూడా ఆ గోడ లెక్క కంఠతా వచ్చేసింది. పై అంకె మనుషులు, కింది అంకె రోగులు.

ఆ ఏడు మా ఆసుపత్రికి చదువు పూర్తిచేసి నేరుగా వచ్చిన కుర్ర డాక్టరు గారొకరు వచ్చారు. ఒక రోజు నన్ను పిలిచి తలుపు వేశారు. నేను ఏదో తప్పు దొరికిందనుకుని మనసులోనే సంజాయిషీ రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఈ నెలలో నా దగ్గరికి నలుగురు మగాళ్ళు వచ్చారయ్యా. నలుగురూ అందరూ వెళ్ళిపోయేదాకా కూర్చుని, చివర్లో వచ్చి, తలుపేసి, ఒకే మాట చెప్పారు. మూత్రం ఆగట్లేదుట. దగ్గితే పడుతుందని ఒకాయన, దొడ్లోకి వెళ్ళేలోగా పంచె తడుస్తుందని ఇంకొకాయన. నలుగురూ ఏమన్నారో తెలుసా? ఈ జబ్బు ప్రపంచంలో నాకొక్కడికే వచ్చిందండీ అన్నారు."

"పాపం సార్," అన్నాను.

"పాపం సంగతి తరవాత. నలుగురుండగా ఒక్కడే ఎలా అవుతాడు? బయటికి చెప్పనివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో నాకు తెలియాలి. ఏదైనా ఒక ఊరు ఎంచుకుని, నలభై దాటిన మగాళ్ళందర్నీ అడిగి రా."

అడగవలసినవి ఒక కాగితం మీద రాసిచ్చారు. వయసు ఎంత, షుగరు ఉందా, చుట్ట కాలుస్తాడా, పాత దగ్గు ఉందా, లావు మనిషా, విరోచనం సాఫీగా అవుతుందా, ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, మూత్రపు సంచి కింద ఉండే గ్రంథికి వాపు గానీ ఆపరేషను గానీ అయిందా. అది చదివి నాకు డాక్టరు గారి చదువు మీదే అనుమానం వచ్చింది.

"మూత్రానికీ చుట్టకీ ఏం సంబంధం సార్?"

"చుట్టతో దగ్గు వస్తుంది. దగ్గినప్పుడల్లా కింద బరువు పడుతుంది. తలుపుని రోజూ వందసార్లు గుద్దితే గొళ్ళెం ఎన్నాళ్ళు ఆగుతుందయ్యా?"

గంపలగూడెం వైపు ఒక ఊరు ఎంచుకున్నాను. పేరు చెప్పను. ఆ ఊళ్ళో నా మీద కోపం తగ్గనివాళ్ళు ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మొదటి రోజు పొద్దున్నే టీ కొట్టు దగ్గర దిగాను, అందరూ ఒకచోట దొరుకుతారని. ఆ రోజుల్లో ఆసుపత్రి మనిషి కాగితం తీసి మగాళ్ళ వయసులు అడిగితే అది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను కోసమేనని జనం నమ్మకం. సగం మంది టీ గ్లాసులు వదిలేసి పొలం పనులు గుర్తుకొచ్చినట్టు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళని నిలబెట్టి, "మీలో ఎవరికైనా మూత్రం ఆగకుండా పడిపోతోందా?" అని గట్టిగా అడిగాను. అడిగి, ప్రతి పేరు ఎదురుగా "లేదు" అని రాసుకుని, ఆ పూట పని తొందరగా అయిపోయినందుకు సంతోషిస్తూ తిరువూరు వచ్చేశాను.

డాక్టరు గారు కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి నవ్వారు. చాలాసేపు నవ్వారు. తరవాత ఎలా అడగాలో చెప్పారు. ఒక్కొక్కణ్ణే పక్కకి తీసుకెళ్ళాలి. "నీకుందా?" అనకూడదు. "ఇది చాలామందికి వస్తుందండీ, మీకెలా ఉంటోంది?" అనాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వాలి.

రెండోసారి వెళ్ళి గొడ్లచావిళ్ళలో, గడ్డివాముల వెనక ఒక్కొక్కరితో గుసగుసలాడాను. "ఈ మాట మీ గుమ్మం దాటదండీ," అని ప్రతివాళ్ళకీ మాట ఇచ్చాను. అప్పుడు మొదలైంది అసలు సంగతి. చుట్ట కాల్చే పెద్దాయన, "నాకట్టాంటిదేం లేదబ్బాయ్. దగ్గితే మటుకు కొంచెం చెమరుస్తది," అన్నాడు. షుగరు ఉన్నాయన అది మూత్రం కాదు, ఎండకి పట్టిన చెమట అని ఒట్టేశాడు. పుష్య మాసంలో కూడా పడుతుందా అంటే పడుతుందన్నాడు. ఇంకొకాయన తనకేమీ లేదని చెప్పి, పక్కింటాయన పంచె గురించి పావుగంట మాట్లాడాడు. ఆ పక్కింటాయన దగ్గరికి వెళితే ఈయన పంచె గురించి అరగంట మాట్లాడాడు. ఇద్దరివీ రాసుకున్నాను. అందరికీ ఉందని కాదు, లేనివాళ్ళే ఎక్కువ. కానీ ప్రతి వీధిలోనూ అయిదారుగురు తేలారు, వాళ్ళలో ఒక్కొక్కరూ తానొక్కడినే అనుకుంటున్నారు. డాక్టరు గారి కాగితం మీద నేను నవ్వుకున్న గళ్ళన్నీ నిండుతూ వచ్చాయి. వయసు, షుగరు, దగ్గు, లావు. ఆయన చదువు మీద నా అనుమానం తీరిపోయింది.

రెండో వీధి చివర రామాలయం పూజారి గారి ఇల్లు. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, శుభ్రంగా ఉండేవారు. ఏడాదిగా ఊళ్ళో ఆయన పేరు మోగిపోతోంది. రోజుకి ఎనిమిదీ తొమ్మిదీ స్నానాలు చేస్తున్నారు. ఎండనక, చలనక బావి దగ్గర తడిబట్టలతో కనిపిస్తున్నారు. ఈయన నిష్ఠ వల్లే ఊళ్ళో చేలు పండుతున్నాయని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. నేను కూడా ఆయన ఎదురైతే సైకిలు దిగి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఆయన భార్య మజ్జిగ కలుపుతుంటే నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. నా ప్రశ్న పూర్తికాకముందే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మడి కట్టుకుని గర్భగుళ్ళో నిలబడతాను నాయనా. హారతి వెలిగించేలోగా ఒక చుక్క జారుతుంది. చుక్క పడ్డాక ఇంక మడేమిటి? మళ్ళీ బావి దగ్గరికి పరిగెత్తాలి. జనం భక్తి అనుకుంటున్నారు. నాకెంత సిగ్గుగా ఉంటుందో ఆ రాముడికి తెలుసు."

"ఇది చాలామందికి వస్తుందండీ," అన్నాను, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు.

ఆయన వినిపించుకోలేదు. "వచ్చే వారం నవమి. కళ్యాణానికి మూడు గంటలు పీట మీంచి లేవకూడదు. నా వల్ల కాదు. ఒంట్లో బాగుండట్లేదు, ఈ ఏడు వేరేవాళ్ళని చూసుకోండని ప్రెసిడెంటు గారితో చెప్పేశాను. టౌను నుంచి ఎవర్నో పిలిపిస్తున్నారుట. ఒకసారి ఆయనొచ్చి కూర్చున్నాడంటే గుడి ఇక ఆయనదే. మా తాత నాటి నుంచి చేస్తున్న గుడి."

డాక్టరు గారికి చూపిద్దామన్నాను. తలకాయ అడ్డంగా ఊపారు. "తిరువూరు బస్సెక్కితే ఎందుకని పదిమందీ అడుగుతారు. ఇన్నాళ్ళూ ఇలాంటి ఒంటితో దేవుణ్ణి ముట్టుకున్నాడని తెలిస్తే నన్ను గుడి మెట్లు ఎక్కనిస్తారా? మా ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు. నీకే చెప్పాను. ఎవరితోనూ అనవు కదూ?"

"ఈ మాట మీ గుమ్మం దాటదండీ," అన్నాను. ఆయన రెండు చేతులూ పట్టుకుని మరీ అన్నాను.

మజ్జిగ తాగాను. కాగితం మడిచి జేబులో పెట్టాను. గుమ్మంలోంచి బయటికి రాగానే నా చెయ్యి సంచిలోంచి కుంచె తీసింది. తేదీ వేసింది. గీత గీసింది. ఆ ఇంట్లో నలభై దాటిన మగవాడు ఒకరు, పైన ఒకటి. జబ్బు ఉన్నవాడు ఒకరు, కింద ఒకటి. రెండు వీధుల్లో ప్రతి గుమ్మం దగ్గరా ఇదే పని చేశాను. ఏళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. బుర్ర మాత్రం ఆ రోజు సెలవు పెట్టింది. మాట గుమ్మం దాటలేదు, నిజమే. గుమ్మం పక్కన గోడెక్కి కూర్చుంది.

మర్నాడు మూడో వీధి మిగిలిందని ఈల వేసుకుంటూ వెళ్ళాను. ఊరి మొదట్లోనే ఒక పెద్దమనిషి తడి గోనెసంచితో గోడ తోముతూ కనిపించాడు. పండక్కి ఇల్లు శుభ్రం చేసుకుంటున్నారనుకుని, "ఏంటండీ, అప్పుడే మొదలెట్టారా?" అని పలకరించాను. ఆయన చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నాలుగడుగులు వేశాక ఇంకొకాయన తోముతున్నాడు. సున్నం గోడ మీద జేగురు తోమితే పోతుందా? అరచేయంత ఉన్న అంకె చేటంత ఎర్రమరక అయి కూర్చుంది. తోమనివాళ్ళ గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే తప్ప తెలియదు, తోమినవాళ్ళ గోడ వీధి చివరికి కనిపిస్తోంది. ఒక ఇంటి ముందు అన్నదమ్ములిద్దరు కొట్టుకోబోతున్నారు. వాళ్ళ గోడ మీద పైన రెండు, కింద ఒకటి. ఆ ఒకటి నువ్వంటే నువ్వని.

అప్పుడు అర్థమైంది. సైకిలు స్టాండు వేయడం కూడా మర్చిపోయాను. నాకు మొట్టమొదట గుర్తుకొచ్చింది ఉద్యోగం కాదు, పూజారి గారు. ఆయన ఇంటి వైపు చూశాను. తలుపు మూసి ఉంది. ఆ ఇంటి వెనకే బావి. అటు పరిగెత్తాను.

అక్కడికి చేరేలోగా నన్ను పట్టుకుని పంచాయతీ ఆఫీసు అరుగు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ ప్రెసిడెంటు గారు నిలబడి ఉన్నారు. ఊరికి ప్రెసిడెంటు, గుడికి ధర్మకర్త కూడా ఆయనే. భారీ మనిషి, గొంతు కూడా అంతే.

"ఏమయ్యా, పరువుగల ఇళ్ళ గోడల మీద ఈ పిచ్చి రాతలేంటి? నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"దోమల లెక్కండీ," అన్నాను. అంతకంటే మంచి అబద్ధం తోచలేదు.

ప్రెసిడెంటు గారి ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. ఆయనకి ఆ అబద్ధం నచ్చినట్టే ఉంది. కానీ అరుగు పక్కన ఆయన తల్లి కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎనభై ఏళ్ళావిడ.

"దోమల్ని ఒకటీ రెండూ అని లెక్కపెడతారంట్రా? ఎన్నేళ్ళ నించి చూస్తన్నాం! కింది అంకె రోగులది. జ్వరాలు ఎవరికీ లేవు. ఈడు అడిగింది మగాళ్ళ మూత్రాల సంగతి, నాకు కోడలు చెప్పింది."

"అమ్మా, నువ్వింటికి పో."

"పోతాలే. మన గోడ మీద పైన ఒకటి, కింద ఒకటి ఉంది. మీ నాయన పోయి పదిహేనేళ్ళయింది. మరి ఆ కింది ఒకటి ఎవరిదిరా?"

జనం అందరూ ఒక్కసారి నేల వైపు చూశారు. సరిగ్గా అప్పుడే వీధి చివర నుంచి పూజారి గారు వస్తూ కనిపించారు. బతికే ఉన్నారు! నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆగి ఆగి వస్తున్నారు. చూపు ఆనదేమో, ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి, గోడకి ముఖం ఆనించినంత పని చేసి, అంకె చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, మళ్ళీ ముందుకి వస్తున్నారు. వెనకాల ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తోంది.

అరుగు దగ్గరికి వచ్చి ఆయాసపడుతూ నిలబడ్డారు. "ప్రెసిడెంటు గారూ, ఆ అబ్బాయిని వదిలెయ్యండి. అబద్ధం రాస్తే కొట్టచ్చు, ఉన్నదే రాశాడు. మా ఇంటి మీద కింది అంకె నాది. మగవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంకెవరిదని చెప్పను? ఆ స్నానాలన్నీ భక్తి కాదు. ఇదే." ఇంకేదో అనబోయి ఆగి, వేళ్ళ వైపు చూసుకున్నారు. "ఇంటి దగ్గర నుంచి ఇక్కడికి కింద అంకె ఉన్న గోడలు తొమ్మిది. నేనొక్కణ్ణే అనుకున్నానండీ. ఏడాదిగా నేనొక్కణ్ణే అనుకున్నాను."

మొదట మాట్లాడింది ఆయన భార్య. "ఇందుకా ఆ స్నానాలు! మీ మనసు సన్యాసం మీదకి పోయిందనుకుని ఏడాదిగా నేను ఏడవని రోజు లేదు. ఈ మాట నాతో అంటే ఏం పోయింది?" అని అందరి ముందూ భర్తని తిట్టి, కళ్ళు తుడుచుకుని, నవ్వింది. ఆవిడ నవ్వాక ఒకరిద్దరు నవ్వారు.

"నాదేనమ్మా!" అని అరిచారు ప్రెసిడెంటు గారు హఠాత్తుగా. తల్లి మీదే అరిచారు గానీ అందరికీ వినిపించింది. తరవాత అరుగు మీద కూర్చుండిపోయి, మామూలు గొంతుతో అసలు సంగతి చెప్పారు. కళ్యాణంలో పీటల మీద కూర్చునేది ఆయన దంపతులే. మూడు గంటలు ఆయన వల్ల కూడా కావట్లేదు. పూజారి గారు ఈ ఏడు మానుకుంటానంటే ఎందుకని ఒక్క మాటైనా అడగకుండా సరేనన్నది అందుకే. టౌను పంతులు గంటలో ముగించేస్తానని మాట ఇచ్చాడుట.

అన్నదమ్ముల్లో పెద్దాయన మాత్రం నసిగాడు. "అది సరేనండీ. మరి మడి సంగతేంటి? దేవుడి పని గదా."

ప్రెసిడెంటు గారి తల్లి కర్రతో నేల తట్టింది. "చుక్క పడ్డప్పుడల్లా తానం చేసొచ్చి ముట్టుకుంటన్నాడు. అంతకంటే మడేముంటదిరా? ఆ టౌను పంతులు రోజుకెన్ని తానాలు చేస్తాడో కనుక్కురా పో!"

ఎవరూ కనుక్కోవడానికి వెళ్ళలేదు. గుడి పూజారి గారికే ఉండిపోయింది.

నన్ను కొట్టలేదు. కానీ తిరువూరు వచ్చి జరిగింది చెబితే డాక్టరు గారు ఈసారి నవ్వలేదు. "నమ్మి చెప్పిన మాటని గోడకెక్కించావు. ఆ మనిషి బావిలో దూకి ఉంటే ఏం చేసేవాడివి?" అన్నారు. కథ బాగా ముగిసింది కదా అని నా తప్పు ఒప్పయిపోదు, పిల్లలూ. మీ ఫోన్లలో ఎక్కించేవి కూడా గోడ మీద రాతలేనని మర్చిపోకండి.

రెండు రోజుల తరవాత డాక్టరు గారే ఊరికి వచ్చి బడిలో కూర్చున్నారు. మగాళ్ళు వరసలో నిలబడ్డారు, పట్టపగలు, ఒకరి వెనక ఒకరు. అందరిదీ ఒకే జబ్బు కాదని అప్పుడు నేనూ నేర్చుకున్నాను. పూజారి గారికి గ్రంథి వాచి, సంచి ఖాళీ కాకుండా పొంగి పొర్లుతోంది. ప్రెసిడెంటు గారిది షుగరు, పైగా లావు. చుట్ట కాల్చే పెద్దాయనది దగ్గు. ఒకాయనది వట్టి మలబద్ధకం, వారం రోజుల మందుతో సగం తేరుకున్నాడు. కొందరికి ఆపరేషను కావాలన్నారు, కొందరికి కాఫీ తగ్గించి వేళకి వెళ్ళడం అలవాటు చేసుకోమన్నారు. చుట్ట మానమంటే మాత్రం ఆ పెద్దాయన జబ్బే నయమని వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు, ఇదంతా ముసలాళ్ళ గోల అనిపించింది. ఇప్పుడు విజయవాడ బస్సు ఎక్కే ముందు నేను మొదట చూసుకునేది సీటు కాదని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

నవమి నాడు నన్ను కూడా పిలిచారు. పందిరి వెనక తాటాకు తడికలతో రెండు గదులు కట్టించారు ప్రెసిడెంటు గారు. ఒకదాంట్లో గంగాళం నిండా నీళ్ళు, పూజారి గారి స్నానానికి. రెండోది మగాళ్ళందరి అవసరానికి. కళ్యాణం మధ్యలో మూడుసార్లు ఆపి, ఆ కాసేపూ సన్నాయి వాళ్ళు కీర్తనలు వాయించాలని ఏర్పాటు. మొదటిసారి సన్నాయి మొదలవగానే పూజారి గారు లేచి వెళ్ళి, స్నానం చేసి, తడిబట్టతో వచ్చి కూర్చున్నారు. వెనక వరసల్లోంచి ఆరేడుగురు మగాళ్ళు కూడా లేచి వెళ్ళొచ్చారు. రెండోసారీ అంతే. మూడోసారి సన్నాయి ఎత్తుకుంటే పూజారి గారు కదల్లేదు. లేవచ్చు అని తెలిశాక లేవాల్సిన అవసరమే తగ్గిందని తరవాత నాతో అన్నారు.

ముహూర్తం దగ్గర పడింది. పూజారి గారు మంగళసూత్రాలు చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు చూస్తే ప్రెసిడెంటు గారి ముఖం మాడిపోయి ఉంది. ఎండకి తట్టుకోలేక రెండు గ్లాసుల పానకం తాగారుట. విరామం వచ్చినప్పుడు పూజారి గారే లేవలేదు కదా, తాను లేస్తే ఏం బాగుంటుందని బిగబట్టుకు కూర్చున్నారు. ఇక ఆగలేక లేచి, ఎవరి వైపూ చూడకుండా తడికల వైపు గబగబా నడిచారు. పీట మీద ఆయన భార్య ఒక్కతే మిగిలింది.

"ముహూర్తం దాటిపోతుందేమోనండీ," అన్నారెవరో.

"దాటదు. ఇంకా మూడు నిమిషాలుంది," అన్నారు పూజారి గారు. "రాముడు పద్నాలుగేళ్ళు అడవిలో ఆగినవాడు. మన ప్రెసిడెంటు గారి కోసం మూడు నిమిషాలు ఆగలేడా?"

సూత్రాలు అలాగే పట్టుకుని కూర్చున్నారు. పందిరి కింద ఊరంతా తడికల వైపు చూడకుండా దేవుడి వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కళ్ళు నవ్వలేదు. కాళ్ళు కడుక్కుని, పంచె సర్దుకుని, తల వంచుకుని ప్రెసిడెంటు గారు వచ్చి పీట మీద కూర్చున్నారు. పూజారి గారు ఆయన వైపు వంగి, పక్కనున్న మాకు మాత్రమే వినిపించేలా, "స్థిమితంగా ఉందా?" అని అడిగారు. ఆయన తలూపారు. అప్పుడు పూజారి గారు సూత్రాలు పైకెత్తి, "గట్టిమేళం!" అని అరిచారు.